దూకినవాడి పేరేంటి?

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. ఏడెనిమిదేళ్ళ క్రితం పాత సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియళ్ళ మీద ఒక వ్యాసం రాశాను. అందులో 'స్టార్ ట్రెక్' మొదటి సిరీస్‌లోని 'అరీనా' ఎపిసోడ్ గురించి ఒక పేరా ఉంది. కెప్టెన్ కిర్క్ ఎడారిలాంటి ఒక గ్రహం మీద గోర్న్ అనే బల్లిమనిషితో కుస్తీ పట్టే ఎపిసోడ్ అది. "రబ్బరు తొడుగు వేసుకున్న ఎవరో ఒకాయన నిద్రలో నడిచినట్టు నడుచుకుంటూ వచ్చి, థర్మోకోల్ బండ ఎత్తి విసురుతాడు" అని రాశాను. చదివినవాళ్ళు బాగా నవ్వారు. నేను రాసినవాటిలో ఎక్కువమంది షేర్ చేసిన వాక్యం అదే. ఇప్పుడు చూస్తే అందులో నన్ను గుచ్చుతున్నది థర్మోకోల్ కాదు, "ఎవరో ఒకాయన" అన్నమాట.

సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడటానికి మనకో పద్ధతి అలవాటైపోయింది. మనకి అంటే ఇలాంటి పత్రికల్లో రాసేవాళ్ళకీ, చదివేవాళ్ళకీ. ఐడియా ఎవరిది? దర్శకుడి విజన్ ఏంటి? గ్రాఫిక్స్ ఎలా కుదిరాయి? బడ్జెట్ ఎంత? ఈ నాలుగు ప్రశ్నలతో రివ్యూ అయిపోతుంది. పాతవైతే ఇంకా సులువు. డబ్బుల్లేవు, గ్రాఫిక్స్ లేవు, పాపం అట్టలతో రబ్బరుతో లాగించారు అని జాలిపడి, రెండు జోకులేసి వదిలేస్తాం.

నా వాదన ఇది. ఆ పాత సీరియళ్ళు ఇన్నేళ్ళు నిలబడ్డది ఐడియా వల్ల మాత్రమే కాదు. ఫ్రేములో ఉన్నవన్నీ అబద్ధాలైనప్పుడు, చూసేవాడు నమ్మడానికి ఏదో ఒకటి నిజం కావాలి. వాటిలో నిజమైనవి రెండే. ఒక నేల, ఆ నేల మీద పడ్డ ఒక ఒళ్ళు. లొకేషనూ, స్టంటూ. ఆ రెండిటి పేర్లూ దాచిపెట్టి కథ నడిపించారు. దాచడం వాళ్ళ వ్యాపారం, సరే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దాచిపెట్టే పనిలో మన విమర్శకులం కూలి తీసుకోకుండా పనిచేస్తున్నాం. నా గొడవ దాని మీదే.

*

'అరీనా' 1967 జనవరి 19న అమెరికాలో ప్రసారమైంది. ఫ్రెడ్రిక్ బ్రౌన్ 1944లో రాసిన కథ, జీన్ ఎల్. కూన్ స్క్రిప్టు, జోసెఫ్ పెవ్నీ దర్శకత్వం. గోర్న్ తొడుగు తయారుచేసింది వా చాంగ్. ఇవన్నీ నా పాత వ్యాసంలో ఉన్నాయి. తొడుగు లోపల ఉన్నవాళ్ళు మాత్రం లేరు. లోపల ఉన్నది ఇద్దరు స్టంట్‌మెన్, బాబీ క్లార్క్, గ్యారీ కూంబ్స్. దగ్గరి షాట్ల కోసం బిల్ బ్లాక్‌బర్న్. గొంతు టెడ్ క్యాసిడీది. ఈ నలుగురిలో ఒక్కరి పేరూ ఆ ఎపిసోడ్ టైటిల్స్‌లో పడలేదు. నా వ్యాసంలోనూ పడలేదు. టైటిల్స్ వేసినవాళ్ళకి స్థలం చాల్లేదేమో. నాకేం అడ్డొచ్చింది?

ఆ ఎపిసోడ్ మనుషుల ఒంట్లో మిగిల్చినదొకటి మనకు తెలుసు. షూటింగులో పేలుడుకి మరీ దగ్గరగా నిలబడటం వల్లే తన చెవిలో ఆగని హోరు మొదలైందని విలియం షాట్నర్ చాలాసార్లు చెప్పాడు. ఆయన స్టార్ కాబట్టి చెప్పాడు, స్టార్ కాబట్టి మనం విన్నాం. పేరు పడనివాళ్ళు చెప్పుకోవాలన్నా అడిగేవాడుండాలి కదా.

ఇంకో సంగతి. 'స్పేస్ సీడ్' అనే ఎపిసోడ్‌లో కిర్క్, ఖాన్ ఇంజిన్ గదిలో కొట్టుకుంటారు. అప్పటి చిన్న టీవీల్లో, ఆ మసక బొమ్మలో ఎవరికీ తేడా తెలీలేదు. 2006లో ఆ సిరీస్‌ని శుభ్రం చేసి హై డెఫినిషన్‌లోకి మార్చాక ఆ ఫైట్‌లో ఉన్నది హీరో, విలన్ కాదని స్పష్టంగా కనబడిపోయింది. కిర్క్ చొక్కాలో ఉన్నది గ్యారీ కూంబ్స్. అవును, గోర్న్ తొడుగులో ఉన్న ఆ గ్యారీ కూంబ్సే. ఖాన్ బట్టల్లో ఉన్నది చక్ కౌచ్. టైటిల్స్ ఇవ్వనిదాన్ని నలభై ఏళ్ళ తర్వాత పిక్సెల్స్ ఇచ్చాయి. దానికి మనం చేసిందేంటి? స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గుండ్రం గీసి, "దొరికిపోయాడు" అని మీమ్ చేశాం. ఒక మనిషి పని చేస్తూ కనబడితే దొంగ దొరికినట్టు నవ్వాం.

*

ఇదంతా నాకు బెంగళూరులో కూర్చుంటే తట్టింది కాదు. ఆత్మకూరులో మా మేనమామ తట్టించాడు. మా అమ్మ వాళ్ళది ఆత్మకూరు, నాన్న వాళ్ళది ఉదయగిరి. రెండూ నెల్లూరు జిల్లా పడమటి వైపు ఊళ్ళు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ రెండూళ్ళ మధ్య బస్సుల్లోనే గడిచాయి.

మామ ఇరవై ఏళ్ళ వయసులో, 1980ల మొదట్లో, మద్రాసు వెళ్ళిపోయాడు. నెల్లూరు నుంచి రైలెక్కితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి వడపళనిలో ఉండొచ్చు. అక్కడ పన్నెండేళ్ళు ఫైటర్‌గా చేశాడు. గుంపులో తన్నులు తినేవాడు, అప్పుడప్పుడూ డూప్. అట్టపెట్టెలు పేర్చి పైన పరుపులు వేసిన బెడ్ మీదికి దూకడం, అద్దం పగలగొట్టుకుని రావడం, గుర్రం మీంచి పడటం. చివరికి ఒక మేడ మీంచి దూకినప్పుడు బెడ్ అంచున పడి తుంటి దెబ్బతింది. ఊరొచ్చేసి పంచర్ షాపు పెట్టుకున్నాడు. ఇప్పటికీ టైరు దగ్గర కూర్చోవాలంటే ఒక కాలు చాపుకునే కూర్చుంటాడు.

ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో గోర్న్ ఫైట్ పెట్టి, "మామా, ఇది చూడు, భలే నవ్వొస్తది" అన్నాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి వెయ్యమన్నాడు.

"అబ్బయా, ఆ తొడుగులో ఉండేవోడికి కళ్ళు కనపడతుండాయా?"

ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు.

"ఎండలో తీసినారు. కింద చూడు, అంతా రాళ్ళే. కాలు యాడ పెడతుండాడో తెలవక తడుముకుంటా నడస్తుండాడు. ఇది నిద్రలో నడిచేది కాదబ్బయా, గుడ్డోడు నడిచేది. పడకుండా నడిచినాడంటే వాడు పనోడు."

బండ తేలికదే కదా మామా అన్నాను.

"తేలికదే. అందుకే కష్టం. బరువుదైతే నడుం అదే వంగద్ది. తేలికదానికి మనం వంచాల. చూడు, ముందు మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి అప్పుడు లేపినాడు. అది నేర్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది."

నేను ఇంజనీరింగ్ హాస్టల్లో సీనియర్ హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేసుకుని ఆ ఎపిసోడ్ పదిసార్లయినా చూసుంటాను. ప్రచ్ఛన్న యుద్ధం, వలసవాదం, పరాయివాడి పట్ల భయం అన్నీ కనబడ్డాయి నాకు. నడుం కనబడలేదు. మామ ఒక్కసారి చూసి చెప్పిన ఈ నాలుగు మాటలు నా వ్యాసం మొత్తం కంటే మంచి విమర్శ. గోర్న్ మెల్లగా కదలడాన్ని చేతగానితనంగా చూశాను నేను. ఆయన దాన్ని పనితనంగా చూశాడు. మనం విమర్శ అని పిలుచుకునేదాంట్లో ఆ చూపుకి ఒక గడి కూడా లేదు.

*

పేరు పడకపోతే ఏమైంది, డబ్బులిచ్చారుగా అనేవాళ్ళుంటారు. ఏమైందో చెప్తాను. సినిమాల్లో పనిచేసినట్టు ఆధారం చూపిస్తే వయసు మళ్ళిన కళాకారులకి కొంత సాయం వస్తుందని ఎవరో చెప్పారు. మామకి యూనియన్ కార్డు లేదు. దానికి కట్టే డబ్బు ఆయన దగ్గర ఎప్పుడూ పోగవలేదు. కార్డున్న గుంపులో చేతికింద మనిషిగా చేసుకుంటూ పోయాడు. ఆఫీసులో అడిగారు, టైటిల్స్‌లో నీ పేరెక్కడుందో చూపించమని. లేదు. ఫైట్ మాస్టర్ పేరు ఒక కార్డు మీద పడుతుంది. ఆయన వెనక గాల్లో ఎగిరిన పాతికమంది పేర్లు పడవు.

సరేనని రెండు శని ఆదివారాలు మామని పక్కన కూర్చోబెట్టుకుని, యూట్యూబ్‌లో పాత సినిమాలు పెట్టి స్క్రీన్‌షాట్లు తీశాను. "ఆపు, ఆడ. ఆ పడేది నేనే" అంటాడు. చూస్తే వీపు. ఇంకోచోట విగ్గు, హీరో చొక్కా, మళ్ళీ వీపు. ఇంకోచోట దుమ్ములో ఒక చెయ్యి. మొత్తం నలభై ఒక్క బొమ్మలు తేలాయి. ఆఫీసులో చూసి, "ముఖం కనబడేది తీసుకురండి" అన్నారు. ముఖం కనబడకుండా చూసుకోవడమే కదండీ ఆయన ఉద్యోగం! పని ఎంత బాగా చేస్తే ఆధారం అంత తక్కువ. ఇలాంటి నియమం ఇంకే వృత్తిలో ఉందో నాకు చెప్పండి.

మా ఆఫీసులో ఎవరైనా కోడ్‌లో ఒక కామా మార్చినా గిట్‌లో పేరు, తేదీ, నిమిషంతో సహా నమోదైపోతుంది. పదేళ్ళ తర్వాత కూడా ఆ కామా ఎవరిదో తీసి చూపించొచ్చు. మామ తుంటి విరిగిన షాటు ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంది. అందులో ఆయన పేరు మాత్రం వెతికినా దొరకదు.

*

డూప్ అని తెలిస్తే భ్రమ చెడిపోతుంది, అందుకే పేర్లు వెయ్యరు అనేది పాత సమాధానం. తెలుగువాళ్ళం ఈ మాట అనడానికి సిగ్గుపడాలి. ఎన్టీఆర్‌కీ, ఏయెన్నార్‌కీ పాడింది ఘంటసాల అని రిక్షా తొక్కే ఆయనకి కూడా తెలుసు. రికార్డు అట్ట మీద పేరుంది, రేడియోలో పేరు చెప్పేవారు. ఎవరి భ్రమ చెడింది? నెల్లూరువాళ్ళం మా వాడని గొప్పగా చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యం జీవితమంతా ఇంకొకరి నోటికి గొంతు అరువిచ్చాడు. పాటల్లోనే కాదు, కమల్ హాసన్‌కి తెలుగులో మాటలు కూడా చెప్పాడు. గొంతుకి డూప్ ఆయన. ఆయనకి 2011లో పద్మభూషణ్, చనిపోయాక 2021లో పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించుకున్నాం. మంచి పని చేశాం. గొంతు అరువిచ్చినవాడి పేరు పిల్లలకి పెట్టుకుంటాం. ఎముకలు అరువిచ్చినవాడి పేరు అడగనైనా అడగం.

స్థలం లేదు, టైటిల్స్ అరగంట అవుతాయి అనేది రెండో సమాధానం. ఈరోజు పెద్ద సైన్స్ ఫిక్షన్ సినిమా చివర గ్రాఫిక్స్ చేసినవాళ్ళ పేర్లు వందలకొద్దీ దొర్లుతాయి. నాతో చదువుకున్నవాళ్ళ పేర్లు కూడా అందులో వెతుక్కుని ఫొటో తీసి పెట్టుకుంటాం. ఎవరూ విసుక్కోరు. అంతెందుకు, డబ్బుకి కటకటలాడిన బీబీసీ 'డాక్టర్ హూ' సంగతి చూడండి. 1963లో మొదలైన ఆ సీరియల్ వాళ్ళకి పరాయి గ్రహం కావాలంటే ఏదో ఒక రాళ్ళ క్వారీకి పోవడమే దారి. 1974లో డార్ట్‌మూర్ బయళ్ళలో 'ది సోంటారన్ ఎక్స్‌పరిమెంట్' తీస్తుంటే డాక్టర్ వేషం వేసిన టామ్ బేకర్ పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. మెడకున్న కట్టు ఆ పొడుగాటి మఫ్లర్ కింద దాగిపోయింది. ఒళ్ళు కదిలించాల్సిన పని డూప్ టెర్రీ వాల్ష్ మీద పడింది. అలాంటి సీరియల్ కూడా 1970లోనే ఆఖరి టైటిల్స్‌లో 'యాక్షన్ బై హావక్' అని స్టంట్ బృందానికి ఒక కార్డు ఇచ్చింది. విడివిడి పేర్లు కాకపోయినా బృందం పేరైనా వేశారు. క్వారీలో గ్రహాన్ని తీసినవాళ్ళకి స్థలం దొరికింది.

ఇప్పుడన్నీ గ్రాఫిక్సే, ప్రమాదం ఎక్కడుంది అనేది మూడోది. 2025 జూలైలో నాగపట్నం దగ్గర ఒక తమిళ సినిమా షూటింగులో కారు స్టంట్ చేస్తూ ఒక స్టంట్ కళాకారుడు చనిపోయాడు. కారు గాల్లోకి లేచి తిరగబడిన ఆ వీడియో మనందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆయన పేరు ఒక పత్రికలో రాజు, ఇంకోదాంట్లో మోహన్‌రాజ్. చనిపోయిన రోజు కూడా పేరు ఒక్క తీరుగా రాలేదు.

అవార్డులు వచ్చాయి, కాదనను. అమెరికాలో ఎమ్మీలు 2002 నుంచి స్టంట్ కోఆర్డినేటర్లకి ఇస్తున్నారు. మన జాతీయ అవార్డుల్లో 'పులిమురుగన్'కి పీటర్ హెయిన్ మొదటివాడు. ఆస్కార్ వాళ్ళు 2027 సినిమాల నుంచి ఇస్తామని 2025లో ప్రకటించారు. సంతోషం. కానీ ఇవి ఎక్కువగా మాస్టర్లకి. ఎలా పడాలో చెప్పినవాడికి. పడ్డవాడు ఇంకా కిందే ఉన్నాడు.

*

ఒంటి సంగతి ఇది. నేల సంగతీ ఇంతే.

'అరీనా' తీసింది లాస్ ఏంజెలస్‌కి ఉత్తరాన ఉన్న వాస్క్వెజ్ రాక్స్‌లో. ఏటవాలుగా ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఆ బండలు 'స్టార్ ట్రెక్' చూసిన ప్రతివాడికీ గుర్తే. అదే బండ మళ్ళీ వచ్చిందిరా అని నవ్వుకుంటాం. అది ఎవరిదీ కాని గ్రహం కాదు. టాటావియమ్ అనే మూలవాసుల నేల. ఇప్పటి పేరు 1870లలో అక్కడ దాక్కున్న తిబూర్సియో వాస్క్వెజ్ అనే బందిపోటుది. ఇంకా తమాషా ఏంటంటే, ఆ ఎపిసోడ్ మొదట్లో కనబడే కూలిపోయిన స్థావరం, 1950లలో 'టేల్స్ ఆఫ్ ది 77త్ బెంగాల్ లాన్సర్స్' అనే అమెరికన్ సీరియల్ కోసం కట్టిన కోట సెట్టు. ఆ సీరియల్ కథ బ్రిటిష్ ఇండియాలో జరుగుతుంది. అంటే కాలిఫోర్నియాలో మన దేశం పేరుతో కట్టిన ఉత్తుత్తి కోట, పదేళ్ళకి ఇంకో గ్రహం అయింది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఇండియా అయినా ఒకటే, గ్రహాంతరమైనా ఒకటే. పేరు అక్కర్లేని చోటు దొరికితే చాలు.

మాకు అసలు కోటే ఉంది. ఉదయగిరి దుర్గం మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తు. గజపతులు, విజయనగరం, గోల్కొండ, ఆర్కాటు నవాబులు, ఇంగ్లీషువాళ్ళు, అందరూ దానికోసం పాకులాడినవాళ్ళే. గోడలు కూలుతున్నాయి, కొండ మీద మసీదులూ కింద రంగనాయకుల గుడీ శిథిలమవుతున్నాయి. తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనగానే అందరికీ గుర్తొచ్చే 'ఆదిత్య 369' తీసిన సింగీతం శ్రీనివాసరావు 1931లో పుట్టింది ఈ ఊళ్ళోనే. 1991లో వచ్చిన ఆ సినిమాకి సమర్పకుడు బాలసుబ్రహ్మణ్యం. అందులో టైం మిషన్ 1526కి, శ్రీకృష్ణదేవరాయల దగ్గరికి పోతుంది. ఆ రాయలే ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో ఉదయగిరిని గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి, 1515లో హంపిలో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి శాసనంలో మాత్రం అది ఉదయగిరి నుంచి తెచ్చిందని రాయించాడు. గెలుచుకుని ఎత్తుకుపోయిన రాజు కూడా ఎక్కడిదో రాయి మీద చెక్కించి పెట్టాడు. మనం షూటింగ్ చేసుకుని పోయి ఊరి పేరు వెయ్యం.

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్ళీ థియేటర్లకి వచ్చినప్పుడు వెళ్ళాను. ఈసారి హీరో ముఖం చూడటం మానేసి ఫ్రేము అంచులు చూస్తూ కూర్చున్నా. ఎవరు పడుతున్నారు, ఎవరు లేస్తున్నారు, ఎవరు లేవట్లేదు. అదే సినిమా కొత్తగా అనిపించింది. ఆ వారం నేను చదివిన వ్యాసాల్లో వెల్స్ ఉన్నాడు, ఇళయరాజా ఉన్నాడు, జంధ్యాల మాటలున్నాయి, సెట్లున్నాయి. పడ్డవాళ్ళ ఊసు ఒక్కదాంట్లో కూడా లేదు.

*

ఇంతవరకూ చదివి, పెద్ద సినిమావాళ్ళని బాగా కడిగాడని మీరనుకుంటే, అసలు విషయం ఇంకా చెప్పలేదు.

2019లో నేనూ, నలుగురు స్నేహితులూ కలిసి ఒక సైన్స్ ఫిక్షన్ షార్ట్ ఫిల్మ్ తీశాం. స్క్రిప్టు నాది. పరాయి గ్రహం కావాలి, డబ్బుల్లేవు, మా నాన్న ఊరుంది. రెండ్రోజులు ఉదయగిరి కొండ దగ్గర తీశాం. కొండవాలు మీద నుంచి ఐదుగురు పరిగెత్తుకుంటూ దిగి దొర్లాలి. ఊళ్ళో కుర్రాళ్ళని మాట్లాడుకున్నాం. మోకాళ్ళకి ప్యాడ్లు లేవు, చూసుకోడానికి మాస్టర్ లేడు. మూడో టేకులో ఒక అబ్బాయికి మడమ విరిగింది. ఉదయగిరి చెక్క గరిటెలు పేరున్నవి, జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ అబ్బాయి ఆ గరిటెలు చెక్కే పనివాడు. కాలు నేల మీద ఆన్చలేక రెండు నెలలు పనికి పోలేదు. ఆసుపత్రి ఖర్చు మేమిచ్చాం. అక్కడితో మా బాధ్యత తీరిపోయిందనుకున్నాం. సినిమాలో మాత్రం ఆ మూడో టేకే పెట్టాం, ఎందుకంటే అదే బాగా వచ్చింది. చివర్లో వేసిన కార్డు: "ఉదయగిరి ప్రజలకు కృతజ్ఞతలు". మా షూటింగ్ ప్లాన్ ఎక్సెల్ షీట్ ఇప్పటికీ నా డ్రైవ్‌లో ఉంది. అందులో ఆ అబ్బాయి పేరు "లోకల్ 3".

నా పేరు ఆ సినిమాలో రెండుసార్లు పడింది. రచన, సహ నిర్మాత.

కాబట్టి నేను అడిగేది పెద్ద కంపెనీలని కాదు. ముందు మనల్ని. పాత సైన్స్ ఫిక్షన్ మీద, కొత్తదాని మీద కూడా రాసేటప్పుడు దర్శకుడి పేరు పక్కనే ఫైట్ మాస్టర్ పేరు, డూప్ పేరు రాద్దాం. టైటిల్స్‌లో లేకపోతే అడిగి రాద్దాం. అడిగినా చెప్పకపోతే, చెప్పలేదని రాద్దాం. "ఎవరో ఒకాయన" అని రాసే హక్కు విమర్శకుడికి లేదు. ఎక్కడ తీశారో ఊరు, జిల్లాతో సహా రాద్దాం. 'ఎడారి గ్రహం' అని సరిపెట్టొద్దు. ఇండిపెండెంట్ సినిమాలు తీసే మిత్రులు ఎక్సెల్ షీట్లో 'లోకల్' అన్న మాట కొట్టేయండి. ఇంట్లో మా మామలాంటివాళ్ళుంటే, వాళ్ళకి ఓపిక ఉండగానే పక్కన కూర్చుని ఏ సినిమాలో ఏ పడటం వాళ్ళదో నిమిషం, సెకనుతో సహా రాసిపెట్టుకోండి. ఆ చూపు వాళ్ళతోనే పోతే మనం బడ్జెట్ల గురించే రాసుకుంటూ మిగిలిపోతాం.

నా పాత వ్యాసం సరిదిద్దాను. "ఎవరో ఒకాయన" ఉన్నచోట ఇప్పుడు బాబీ క్లార్క్, గ్యారీ కూంబ్స్ ఉన్నారు. వాక్యం ఇదివరకటంత నవ్వించదు. ఫరవాలేదు. మామ అర్జీ ఇంకా తేలలేదు. నలభై ఒక్క వీపుల ఫైలు అలాగే ఉంది.

పోయిన నెల ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. ఇప్పుడతనికి పెళ్ళయింది, చలికాలంలో ఇంకా మడమ లాగుతుందట. టైటిల్స్ మార్చి మళ్ళీ అప్‌లోడ్ చేస్తున్నాం, నీ పేరు ఎలా వెయ్యమంటావు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"ఇంటిపేరుతో సహా వెయ్యన్నా. మా నాయనకి చూపించాల."